పింఛన్‌నాడు తీసిన గాజులు

సిపాయి ఓబళప్ప బర్మా యుద్ధంలో చనిపోయాడని తంతి వచ్చింది గానీ శవం రాలేదు. సర్కారుకు తంతి చాలింది. మంగళవాడలో అతని పెళ్లాం కెంచమ్మకు చాలలేదు, గాజులు తీయనంది. కానీ గాజుల చేతికి విధవ పింఛను ఎవరిస్తారు? అందుకని పింఛన్‌నాడు పావగడ కచేరి మెట్ల దగ్గర వాటిని తీసి, కొంగున ముడేసుకుని, లోపల వేలిముద్ర వేసేది. బయటికొచ్చి మళ్లీ తొడుక్కోగానే వెనక బూట్ల చప్పుడు మొదలై ఇంటిదాకా తోడొచ్చేది. ఆమె తిరిగి చూసేది కాదు.

ఒకసారి ఆ మెట్ల మీదే జారిపడింది. కొంగులో గాజులు పొడిపొడి అయ్యాయి. బోసిచేతులతో ఊరిదారి పట్టింది. ఎంత దూరం నడిచినా వెనక చప్పుడు లేదు. నడిదారిలో ఆగి, మొదటిసారి వెనక్కి తిరిగింది.

"యాడుండావయ్యా? రా! నేను కాగితంలోనే కదా నిన్ను సంపింది!"