పదిహేడో నంబరు పెట్టె

కోడిగుడ్లు పొదిగించే హేచరీలో అందరూ ఆమెను పెట్టలక్క అనేవారు. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లను వెల్లకిలా పట్టుకుని, వెనకభాగం మెల్లగా నొక్కి, దీపం కింద చూసేది. ఆవగింజంత బుడిపె కనిపిస్తే పుంజు, లేకపోతే పెట్ట. పంతొమ్మిదేళ్లలో ఆమె చూపు తప్పిందన్నవాళ్లు లేరు.

నాలుగు నెలల కిందట పక్క బల్ల దగ్గర ఆమె ఆడపడుచు పనికి చేరింది. ఒకే ఇంట్లో ఉంటున్నా ఇద్దరికీ పొసగదు. పనిలోనూ మాటలు తక్కువే.

ఒకరోజు సూపర్‌వైజరు వచ్చి ఆడపడుచు ముందు నిలబడ్డాడు.

"గుడ్ల కోసం పెట్టల్ని కొన్న రైతు ఫోన్ చేశాడు. ఒక పెట్టెలో వెళ్లిన పిల్లల్లో పావువంతు పుంజులై కూత మొదలెట్టాయట. ఇక్కడ కొత్త చెయ్యి నీదే కదా?"

పెట్టలక్క చేతిలోని పిల్లను కిందికి దించింది.

"ఏ నంబరు పెట్టె సార్?"

"పదిహేడు."

"అది నేను చూసిందే. కొన్నాళ్లుగా కళ్లు మసకేస్తున్నాయి. చెప్పకుండా నెట్టుకొస్తున్నాను."

ఆయన నమ్మలేదు. వంద పిల్లల్ని ఆమెతో వేరు చేయించి, తనే మళ్లీ చూసుకున్నాడు. పద్నాలుగు తప్పాయి. కళ్లు చూపించుకునేదాకా రావద్దన్నాడు.

ఇంటికి వెళ్తుంటే ఆడపడుచు అంది, "నువ్వు నోరు మెదపకపోతే నా పని పోయేది వదినా."

"పోయేదే. ఆ తర్వాత ఇంట్లో నీ సణుగుడు ఎవరు పడతారు?"

డాక్టరు రెండు కళ్లకూ శుక్లాలు తీశాడు. కొన్ని వారాలకు ఆమె మళ్లీ బల్ల ముందు కూర్చుంది. ఈసారి వందకు ఒక్కటే తప్పింది. అన్నాళ్లూ వేళ తప్పకుండా ఆమె కళ్లలో చుక్కల మందు వేసింది ఆడపడుచే.