డి డ్రైవ్ లేని ఒడ్డు

వీరదుర్గ గురించి చెప్పాలంటే నాకు ముందు కోపం వస్తుంది. ఆమె మీద కాదు, ఆరేళ్ళపాటు ఆమెను పంటు ఎక్కించి గోదావరి దాటించిన వాళ్ళ మీద.

దుర్గది నరసాపురం. వాళ్ళమ్మ లేసు అల్లేది. దుర్గ మా పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు, నేను లెక్చరర్ని. ఇద్దరం కలిసి కంప్యూటర్లో నడిచే ఒక మాడ్యూల్ రాశాం, విద్యార్థులూ తలో చెయ్యి వేశారు. లేసు డిజైను, కొలతలు ఇస్తే ఏ వరసలో ఏ కుట్టు పడాలో తెలుగులో చార్టు గీసిపెడుతుంది. ఏడు లేసు కేంద్రాలు దాన్ని వాడుతున్నాయి. వాడుతున్నాయంటే, దుర్గ వెళ్ళి వేసిపెడితే వాడుతున్నాయి. కంప్యూటరు మారిస్తే దుర్గ. విండోస్ మళ్ళీ వేస్తే దుర్గ. ఆదివారం కూడా టిఫిన్ డబ్బా, పెన్‌డ్రైవు పట్టుకుని రేవులో నిలబడేది.

ఎవరికి వాళ్ళు ఏ కంప్యూటర్లోనైనా వేసుకునేలా దాన్ని సర్దుతాను, ఒక నెల ఇవ్వండి అని లేసు సంఘం అధ్యక్షుడు జగన్నాథరావు గారిని మూడుసార్లు అడిగింది.

"మీరుండగా మాకా బాధ ఏంటమ్మా" అన్నారాయన. పొగిడాననుకున్నాడు పెద్దమనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

మొన్న ఆగస్టులో వరదొచ్చి పంటు ఆపేశారు. చుట్టు తిరిగి వెళ్దామంటే రోడ్డు మీద నీళ్ళు, బస్సుల్లేవు. అవతల ఒడ్డున లోవమ్మ గారు నడిపే కేంద్రానికి ఆ వారమే ఎవరో పాత కంప్యూటర్లు ఇచ్చారు. అన్నిట్లో విండోస్ బదులు లినక్సే. శుక్రవారానికి కొత్త టేబుల్‌క్లాత్ నమూనా చూపించకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది. చేలు మునిగి కూలిపనులు లేవు, పదకొండుమంది ఆడవాళ్ళకి ఆ ఆర్డరే దిక్కు. చార్టు ఇక్కడ గీసి ఫోన్లో పంపుదామంటే కుదరదు. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది. ముక్క అల్లి, కొలిచి, మళ్ళీ మళ్ళీ గీసుకోవాలి.

దుర్గ మెయిల్లో పంపిన మాడ్యూల్ వేసి చూసి, మంగళవారం లోవమ్మ గారు ఫోన్ చేశారు. "దుర్గమ్మా, కుట్ల బొమ్మలు లేవంటోంది. డి అని ఏదో చూపిస్తోంది."

మా వైపు కంప్యూటరు నేర్చుకున్న వాళ్ళందరికీ మొదటి పాఠం ఒకటే. సి డ్రైవ్‌లో ఏదీ పెట్టకు, ఫార్మాట్ చేస్తే పోతుంది, డి లో దాచుకో. ఆ భయాన్ని ఎవరో మాడ్యూల్లోకి ఎక్కించారు. అది బొమ్మల్ని డి డ్రైవ్‌లోనే వెతుకుతుంది, అందుకే ప్రతిచోటా దుర్గే వెళ్ళి వాటిని అక్కడ పెట్టాల్సి వచ్చేది. లినక్స్‌లో డి డ్రైవ్ అనేదే ఉండదు.

"ఏ బుద్ధిలేని వెధవ రాశాడిది" అన్నాను. ఆ ఏడాది ప్రాజెక్టు చేసిన విద్యార్థుల్ని పేరుపేరునా తిట్టాను. దుర్గ తెర మీంచి తలెత్తలేదు.

"ఎవరు రాస్తే ఏంటి మేడమ్. తీసేద్దాం."

రెండు రోజులు కూర్చుంది. బొమ్మల్ని మాడ్యూల్లోనే పెట్టింది. ఎక్కడ వేస్తే అక్కడే తన పక్కన వెతుక్కునేలా మార్చింది. ఒక్క లైను కొడితే మొత్తం ఇన్‌స్టాల్ అయ్యేలా కట్టింది. గురువారం మధ్యాహ్నం ఫోన్లో ఒక్కో అక్షరం చెబుతుంటే లోవమ్మ గారు కొట్టారు. రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి, "వచ్చిందమ్మా, గొలుసు కుట్టు కనపడుతోంది" అన్నారు. శుక్రవారం నమూనా చూపించారు, ఆర్డరు దక్కింది.

శనివారం నేను జగన్నాథరావు గారిని కడిగేస్తూ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ లైను రాసిన విద్యార్థి పేరు కూడా అందులో పెడదామని మాడ్యూల్లో ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపే పాత మార్పుల జాబితా తెరిచాను. ఆరేళ్ళ కిందటి తేదీ, పక్కన పేరు సుప్రియ. నా పేరే.

దుర్గ మంగళవారమే చూసిందట. నేను తిడుతున్నంతసేపూ ఆమెకు తెలుసు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు దుర్గా?"

"చెబితే మీరు బాధపడుతూ కూర్చుంటారు. నాకు గురువారానికల్లా పని అవ్వాలండి."

"నా మీద కోపం లేదా?"

పెన్‌డ్రైవు తీసి బల్ల మీద నా ముందు పెట్టింది. "ఎందుకు లేదు మేడమ్? రేవులో నిలబడ్డ ప్రతి ఆదివారం ఉండేది. ఎవరి మీదో మొన్నే తెలిసింది."