నజ్లా పట్టా పరీక్షకు తఫీదా అత్త వేంచేయుట

కైరోలోని షుబ్రా పేటలో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి. ఎవరింట్లో ఉల్లిపాయ వేగినా మూడు వీధుల వాళ్లకు ఆకలేస్తుంది. అక్కడ పుట్టి పెరిగిన నజ్లా, నక్షత్రాలు అంతే ఇరుగ్గా కాపురముండే గుచ్ఛాల మీద పరిశోధన చేయడంలో వింతేమీ లేదు. ఇరుగుపొరుగు మాత్రం ఆమె చదువులో ఎక్స్-రే అన్న మాట ఒక్కటే పట్టుకున్నారు. మోకాలి ఫిల్ములతో మెట్ల మీద కాచుకునేవారు. మొదట్లో ఆమె విడమరచి చెప్పేది. తరువాత తరువాత ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చూసి, "మెట్లెక్కడం తగ్గించండి" అనేది. హస్తవాసి మంచిదని పేరొచ్చింది.

ఆమె అసలు ప్రశ్న వేరు. న్యూట్రాన్ నక్షత్రమని ఒకటుంటుంది. చచ్చిన నక్షత్రం. వెడల్పు ఒక ఊరంత, బరువు సూర్యుడికి మించి. పక్కన తోడు దొరికితే ఆ తోడు ఒంటిమీది వాయువును పీల్చుకుని, వేడెక్కి, ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. బయటి ఆకాశంలో ఇటువంటి జంటలు బహు తక్కువ. గుచ్ఛాల రద్దీలో మాత్రం తగులుతూనే ఉంటాయి. చచ్చినదానికి అక్కడ సంబంధం ఎలా కుదురుతోంది?

పెద్దల సిద్ధాంతం ఒకటుంది. చచ్చినది ఒక ఒంటరి నక్షత్రాన్ని రాసుకుంటూ పోతుంది, ఒంటరిదాని ఒంట్లో అలలు లేస్తాయి, ఆ అలజడిలో వేగం కరిగిపోయి రెండూ చిక్కుకుంటాయి. నజ్లా లెక్కలు వేరే దారి చూపాయి. చచ్చినది ఇదివరకే కాపురం చేసుకుంటున్న జంట మధ్య దూరి, తేలికదాన్ని గెంటేసి, దాని చోట స్థిరపడుతుంది.

చిక్కల్లా డాక్టర్ మమ్‌దూహ్‌తోనే. ఆయన యౌవనమూ, జుట్టూ ఆ అలలకే ధారపోశాడు. ఆయనే ఆమెకు పరీక్షకుడు. ఆయన సంతకం లేనిదే పట్టా లేదు.

కైరోలో పట్టా పరీక్ష అంటే చుట్టాలు తరలివెళ్లే శుభకార్యం. నజ్లా నల్లగౌనులో వేదిక ఎక్కేసరికి మామిడిరసం గ్లాసులు, బస్బూసా మిఠాయి పళ్లేలు గోడవారన కొలువు తీరాయి. ముందు వరసలో ఇద్దరు పట్టే బల్ల మీద భారీకాయుడైన షౌకీ బాబాయి, బక్కపల్చని పొరుగింటి దర్జీ హిల్మీ ఆసీనులయ్యారు. నజ్లా నోరు తెరిచిందో లేదో, తల్లి నాలుక ఆడిస్తూ, అక్కడి ఆడవాళ్లు శుభకార్యాల్లో కూసే పెళ్లికూత కూసింది.

"ఇంకా మొదలవలేదమ్మా!" అన్నాడు మమ్‌దూహ్.

"ఇది మొదలవుతున్నందుకండీ. అయిపోయినందుకు వేరే ఉంది."

ఆయన కళ్లజోడు సవరించుకుని నజ్లా వైపు తిరిగాడు. "చూడమ్మా, అన్నేసి ఒంటరి నక్షత్రాలు ఖాళీగా ఉండగా, నీ న్యూట్రాన్ నక్షత్రం పోయి పోయి పరుల సంసారంలో వేలు పెట్టడమెందుకు?"

జవాబు ఆమెకు నిద్రలో కూడా వచ్చు. మెలకువలో రాలేదు. మమ్‌దూహ్ గారి కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి.

అప్పుడు తలుపు తెరుచుకుని తఫీదా అత్త ప్రవేశించింది. మనిషి పొట్టి, ఏ వైపు నుంచి కొలిచినా ఒకటే కొలత. చేతిలో సొంత బస్బూసా పళ్లెం. దారికి అటూ ఇటూ విద్యార్థులు ఒంటి కుర్చీల్లో ఉన్నారు. ఆమె రాసుకుంటూ పోతుంటే ఒక్కొక్కడూ మోకాళ్లు ముడుచుకున్నాడు. ఆమె ఎవరి దగ్గరా ఆగలేదు.

"ఒరేయ్ షౌకీ, జరుగు."

"ఎక్కడికక్కా? బల్ల ఇంతే."

బల్ల ఇంతే అయినా ఆమె కూర్చుంది. ముగ్గురూ కాసేపు అటూ ఇటూ ఊగారు. హిల్మీ ఆ చివర నుంచి ఎగిరి తలుపు దాకా పోయి తేలాడు.

"నేనలా గాలి పీల్చుకొస్తా," అన్నాడు మర్యాద కాపాడుకుంటూ.

"వెళ్లిరా నాయనా, నీ ఒంటికి గాలి ఒక్కటే పడుతుంది." అత్త ఈలోగా తమ్ముడి గ్లాసు లాక్కుంది.

"అక్కా, అది నాది!"

"నీకు షుగరు. నోర్ముయ్." ఒక్క గుక్కలో సగం పీల్చేసరికి ఆమె మొహం ఎర్రబడి చెమటలు పట్టాయి.

"అదిగో సార్!" అని నజ్లా కేకేసింది. "ఒంటరిది దొరకాలంటే రాసుకునేంత దగ్గరగా పోవాలి. చాలాసార్లు తప్పిపోతుంది, లేదా ఢీకొని రెండూ ఒకటే ముద్దవుతాయి. జంట అలా కాదు, చాలా చోటు ఆక్రమించి ఉంటుంది. దూరం నుంచి వచ్చినా అందులో చిక్కుకోవచ్చు. ముగ్గురూ పెనుగులాడితే తేలికవాడు ఆ వేగమంతా మూటగట్టుకుని పోతాడు. మిగిలిన ఇద్దరూ ఇంకా దగ్గరవుతారు. ఆ తర్వాత చచ్చినది తోడుని పీల్చడం మొదలుపెడుతుంది!"

సభ గొల్లుమంది.

"చచ్చినదెవరే?" అంది అత్త.

"శాస్త్రంలో అత్తా..."

"నీ శాస్త్రానికి నేనే దొరికానా? మెట్రోలో నిలబడి బస్బూసా మోసుకొచ్చినందుకా?"

మమ్‌దూహ్ మాత్రం నవ్వలేదు. కలానికి మూత పెట్టేశాడు. "అయితే నా బతుకంతా వృథా అంటావు."

హాలు చల్లబడింది.

"ఏమంటాడ్రా ఆ పెద్దమనిషి?" అత్త గుసగుస వెనక వరస దాకా వినబడింది.

"ఒంటరివాడి పక్కనుంచి పోయినా చాలు, పట్టుబడతాడంటున్నారక్కా."

"నిజమే కదా మరి! మా ఆయన, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, రైలు కోసం ఒంటరిగా నిలబడ్డాడు. నేను పక్కనుంచి పోయాను. అంతే. ఆ రైలు ఎక్కనే లేదు."

మమ్‌దూహ్ ముందుకు వంగాడు. "ఎంత దగ్గరగా పోయారు?"

"బాగా దగ్గరగా. కావాలనే."

"ఆయనలో చలనం ఏమైనా కనబడిందా?"

"చేతిలో సంచీ జారింది. నారింజలన్నీ ప్లాట్‌ఫారం మీద దొర్లాయి."

కలం మూత ఊడింది. నజ్లా ఆ క్షణాన్ని వదల్లేదు. "నా లెక్కల్లోనూ అలాంటివి కొన్ని వచ్చాయి సార్. కొన్నేగా అని వదిలేశాను."

"వదిలేశావా!" మమ్‌దూహ్ కంఠంలో ఎన్నాళ్లుగానో లేని ఆనందం. "అది తప్పు. ఘోరమైన తప్పు. దాని మీద ఒక అధ్యాయం రాయి." అని సంతకం పెట్టేశాడు.

నజ్లా ఆ అధ్యాయం రాసి అత్తకు చదివి వినిపించింది. ఒంటరి నక్షత్రం పట్టుబడటం కూడా నిజమేనని, కాకపోతే అది అత్యంత అరుదని అందులో ఉంది. అత్త అక్కడ చెయ్యెత్తి ఆపింది.

"ఆ చివరి మాట ఇంకోసారి చదవ్వే."