పొడిరాయి మీద అంకె

నాకు కోపం ఎక్కువని విజయనగరంలో నేను పనిచేసే రోడ్ల ల్యాబులో అందరూ అంటారు. ఎక్కువే. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

రోడ్డుకి వేసే రాయి జారుతుందో లేదో తేల్చడం నా పని. క్వారీ నుంచి వచ్చిన చిప్సును పలకల్లా పేర్చి, చక్రానికి బిగించి, నీళ్లూ, ఎమెరీ అనే గరుకు పొడీ పోస్తూ గంటల తరబడి టైరుతో అరగదీస్తాను. బళ్లు ఏళ్లపాటు తిరిగి చేసే అరుగుదలను ముందే చూసుకోవడమన్నమాట. తర్వాత ఆ రాయిని తడిపి, రబ్బరు ముక్క బిగించిన లోలకాన్ని దాని మీదుగా వదులుతాను. రాయికి పట్టుంటే ముల్లు పెద్ద అంకె చూపిస్తుంది. నున్నబడిపోతే చిన్నది.

ఒకసారి వానలకి ముందు, గజపతినగరం దారిలో ఒక మలుపుకి వేయబోయే రాయి వచ్చింది. నేను రోజూ స్కూటీ మీద ఇంటికి వెళ్లేది ఆ మలుపు మీదుగానే. తడి రోడ్డు మీద అక్కడ జారి మోకాళ్లు చెక్కుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రాయి చూడ్డానికి నల్లగా, పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అరగదీసి, తడిపి చూస్తే అంకె చాలలేదు. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే.

కాంట్రాక్టరు తరఫున వచ్చిన సూపర్‌వైజరు మా ఊరివాడే, నాకు వరసకి మావ. భుజం మీది తువ్వాలు తీసి రాయిని శుభ్రంగా తుడిచేశాడు.

"ఇప్పుడాడించు, సూద్దాం. రోడ్డు మీద రోజూ వానే పడతాదేటి?"

"వాన పడిన్నాడే కదా మావా, బళ్లు జారతాయి!"

మా ల్యాబు పెద్ద సారు వచ్చి, ఆయన చెప్పినట్టే చెయ్యమన్నారు. చేశాను. పొడిగా ఉంటే ఏ రాయికైనా పట్టుంటుంది. ముల్లు పెద్ద అంకె మీదికి పోయింది. మావ మొహం చేటంత అయింది.

"అదే రాసీమ్మా," అన్నారు సారు.

రాశాను. రిపోర్టులో అంకె పక్కనే 'రాయిని తడపకుండా చేసిన పరీక్ష' అని కూడా రాసి, కింద సంతకం పెట్టాను.

"ఈ మాటెందుకు? తీసీసి ఇంకోటి రాయి," అన్నారు సారు.

ఇంకోటి రాశాను, ఇంకా గుండ్రటి అక్షరాలతో, అదే మాట వదలకుండా.

"పట్టిన కుందేలుకి మూడే కాళ్లంతావేటి? ఉజ్జోగం సెయ్యాలనుందా, లేదా?" అని సారు బల్ల మీద గుద్దారు.

భయం వేయలేదంటే అబద్ధం. కానీ అంతకంటే ఒళ్లు మండింది. కొత్త కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. పక్కన నా పెన్ను పెట్టాను.

"మీరే రాయండి సార్. తడిపి చూశామని రాసి, మీ పేరుతో సంతకం పెట్టండి. నేను తీసుకెళ్లి పైకి పంపిస్తాను."

సారు కాగితాన్ని నా వైపు తోసేశారు. పెన్ను మాత్రం ముట్టుకోలేదు. అది చూసి మావ వంగి రాళ్లన్నీ సంచీలోకి ఎత్తుకోవడం మొదలుపెట్టాడు.

"వేరే క్వారీ రాయి తెస్తాన్లెండి, సార్," అన్నాడు.