బుధవారం రైల్లో యవ్వనస్తుల కూటం

మా ఆయన రేపల్లెలో ఒక చిన్న సంఘానికి పాస్టరు. నేను తెనాలిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. సంఘంలో యవ్వనస్తుల కూటం బాధ్యత నాది. ఆదివారం సాయంత్రం మందిరంలో చాపలు పరిచి ఎదురుచూసేదాన్ని. మొదట్లో చాపలు చాలేవి కావు. పోనుపోను మనుషులు తగ్గిపోయారు. ఒక ఆదివారం ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరూ నా పిల్లలే.

సెల్‌ఫోన్లే చెడగొట్టాయని సంఘ పెద్దలు తేల్చేశారు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు పొద్దున తెనాలి పాసింజర్లో కూర్చుని చుట్టూ చూస్తే, మా సంఘం పిల్లలు తొమ్మిదిమంది కనిపించారు. రోజూ చూసే మొహాలే. ఆ రోజే గమనించాను. నా పక్కన బట్టల షాపులో పనిచేసే అమ్మాయి ఉంది.

"ఆదివారం కూటానికి రావడం మానేశావేంటే?" అన్నాను.

"ఆదివారం మాకు సెలవెక్కడ అమ్మగారూ? షాపులో రద్దీ అంతా ఆ రోజే కదండి. రానంటే ఇంక రావద్దంటారు."

ఆ పిల్ల విశ్వాసంలో చల్లారిపోయిందని ఎన్నోసార్లు ప్రార్థన చేశాను. ఎందుకు రావట్లేదని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తెనాలిలో దిగేలోపే నిర్ణయించుకున్నాను. ఇక కూటం రైల్లోనే, ప్రతి బుధవారం.

సంఘ కమిటీలో అందరికన్నా పెద్దాయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.

"మందిరం ఉండగా రైలుపెట్టెలో కూటం ఏంటమ్మా? నలుగురూ నవ్వరూ?" అన్నారు.

"నవ్వనివ్వండి పెద్దయ్యగారూ. వాళ్ళు ఇక్కడికి రాలేరు. నేను ఎలాగూ ఆ రైల్లోనే పోతాను."

ఇంటికొచ్చాక మా ఆయన, "కొన్నాళ్ళు చూడు, కుదరకపోతే మానెయ్యి," అన్నాడు.

"కుదరకపోతే ఇంకోలా చేస్తాను, మానను," అన్నాను.

మొదటి బుధవారం రెండు పాటలు పాడించాను. రెండోది అవగానే రోజూ ఎదురు సీట్లో కూర్చునే తెలుగు మాస్టారు, నుదుట విభూతితో ఉన్నాయన, మెల్లగా అన్నారు. "తప్పుగా అనుకోకండమ్మా. పాట బాగానే ఉందండి. కానీ మాకు కాస్త కునుకు తీసే టైమ్ ఇదొక్కటే."

పిల్లలు తలలు దించుకున్నారు. నాకు ఆ రోజంతా క్లాసులో సిగ్గుగానే ఉంది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మరుసటి వారం నుంచి పాటలు లేవు, ప్రసంగం లేదు. బైబిల్ వాక్యంలోంచి నాలుగు మాటలు మెల్లగా చదివి, "ఈ వారం ఎలా గడిచింది?" అని అడిగి ఊరుకునేదాన్ని. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న నోటికి ఊరుకోవడం అంత తేలిక కాదు. "బాగానే ఉందండి" తప్ప ఇంకో మాట రాలేదు. అయినా ఆపలేదు. నాలుగో వారం షాపు అమ్మాయి, బేరాలు లేకపోయినా తమని కూర్చోనివ్వరని, ఇంటికెళ్ళేసరికి పాదాలు వాచిపోతాయని చెప్పింది. చెప్పి ఏడ్చింది. దాంతో మిగతావాళ్ళలో చాలామంది నోళ్ళు తెరుచుకున్నాయి. తెలుగు మాస్టారు కూడా జరిగి మాకు చోటివ్వడం మొదలుపెట్టారు.

ఇంకొన్ని వారాలకి పెద్దయ్యగారు అసలు ఏం జరుగుతుందో చూద్దామని స్వయంగా రైలెక్కారు. మా గుంపులో బాపట్లలో చదువుకునే అమ్మాయి ఒకతె ఉంది. తెనాలిలో బండి మారి వెళుతుంది. అన్నాళ్ళూ పెదవి విప్పనిది, ఆయన వైపు తిరిగి మాట్లాడింది.

"మందిరానికి ఎందుకు రావట్లేదో చెప్తాను తాతగారూ. అమ్మకి జబ్బు చేసినప్పుడు మీరంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. అమ్మ పోయింది. సమాధి దగ్గర మీరు నా భుజమ్మీద చెయ్యేసి, 'మీ ఇంట్లో విశ్వాసం ఇంకాస్త ఉండాల్సిందమ్మా' అన్నారు. అప్పట్నుంచి మందిరం మెట్లెక్కాలంటే, అమ్మని నేనే చంపుకున్నట్టు ఉంటది."

సర్దిచెబుదామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"అలా అన్నానా?" అన్నారాయన.

"అన్నారండి."

భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది. తెనాలిలో దిగాక వెనక్కి వచ్చే బండి ఎక్కాల్సిన పెద్దయ్యగారు ఆ అమ్మాయి వెనకే నడిచారు. "నీకు ఇబ్బంది లేకపోతే బాపట్ల దాకా నేనూ వస్తానమ్మా," అనడం వినిపించింది. బండి రాగానే ఆమె ఎక్కి, పక్క సీటు మీద పెట్టిన బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దారిలో ఏం మాట్లాడుకున్నారో నేను ఎవరినీ అడగలేదు.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దయ్యగారు లేచి నిలబడ్డారు. "దుఃఖంలో ఉన్న ఒక బిడ్డతో అనకూడని మాట అన్నాను. ఆమెని క్షమించమని అడిగాను. మీరూ నన్ను క్షమించాలి," అన్నారు. పేరు చెప్పలేదు. బుధవారం కూటానికి ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ అమ్మాయి ఇప్పటికీ ఆదివారం రావట్లేదు. నేను బలవంతపెట్టను. బుధవారం మాత్రం రావడం మానదు. పోయిన వారం బాపట్ల వెళ్ళే పిల్లలు తమ బండిలోనూ ఇలాంటి కూటం కావాలన్నారు. ఎవరు నడుపుతారని అడిగితే ఆమే చెయ్యెత్తింది. కమిటీకి ఇంకా తెలియదు. ఈసారి అనుమతి అడగను, మొదలయ్యాక చెబుతాను.