కరిగిన పందొమ్మిది

ల్యాబులో అందరూ వదిన అని పిలిచే ఆవిడ, యముడి చిట్టాను యముడికంటే ముందే చదివేసిన మనిషి. బఠాణీ గింజంత క్యాన్సరు ముక్క చేతిలో పెడితే చాలు, అదే భయపడి నిజం చెప్పేసేది.

ఆమె పనిచేసేది నేలకింద, కిటికీ లేని గదిలో. రెండు తలుపులు, రెండింటికీ కార్డు గీకాలి. పదకొండేళ్ళుగా అక్కడే. మూత్రాశయ క్యాన్సరు ముక్కలను నూరి, వాటిలోని జన్యువుల సందేశాలను చుక్కంత ద్రవంగా ట్యూబులోకి తీస్తుంది. ఏ జన్యువు గొంతు చించుకుంటోందో, ఏది నోరు మూసుకుందో యంత్రం కొలుస్తుంది. ఆ అంకెలను బట్టి ఎవరి జబ్బు ముదురుతుందో, ఎవరిది మందులకు లొంగుతుందో కంప్యూటరు అంచనా వేస్తుంది.

ఆ మంగళవారం కంప్యూటరు చూసే మరిది ఎగురుకుంటూ వచ్చాడు. వరసకు మరిదేం కాదు, వదినా అంటాడు కాబట్టి మరిది.

"వదినా, పంట పండింది! పందొమ్మిది మంది ఒక్క గుంపుగా పడ్డారు. అందరూ ముదిరే రకమే. మన ల్యాబు పెద్ద సారు రేపే ఈ లిస్టు సర్జన్లకు పంపిస్తారట. మూత్రాశయం తీసేయడమేగా ఇక!"

"నీది కాదుగా, అందుకే అంత హుషారు. ఏదీ, నంబర్లు చూపించు."

నలభై ఒకటి నుంచి యాభై తొమ్మిది దాకా, ఒక్కటీ తప్పకుండా.

ఆమె ఆ నంబర్లను గుర్తుపట్టింది. పోయిన నెల ఫ్రీజరు ఆగినప్పుడు ఆఖరున వేరే ఫ్రీజరులోకి మార్చిన ట్రే అది. కరిగిన ముక్కల్లో సందేశాలు చివికిపోతాయి. నాణ్యత కొలిచే మిషను ఎర్ర గీత చూపించింది కూడా. మళ్ళీ తీసే ఓపిక లేక, సరిపోతుందిలే అని టిక్కు పెట్టింది. కంప్యూటరు పట్టుకున్నది జబ్బును కాదు, ఆమె బద్ధకాన్ని.

చెబితే ఉద్యోగానికి ఎసరు. చెప్పకపోతే పందొమ్మిది మందికి, అవసరం ఉన్నా లేకున్నా, జీవితాంతం పొట్టకు మూత్రం సంచి.

కాస్త గాలి పీల్చుకుందామని లేచింది. కార్డు రెండుసార్లు గీకినా తలుపు తెరుచుకోలేదు. మూడోసారి తెరుచుకుంటే మెట్లు, మెట్లెక్కితే వార్డు, వార్డు బయట బెంచీల నిండా మనుషులు. ట్యూబుల మీద పేర్లుండవు. వీళ్ళలో నలభై ఒకటి ఎవరో ఆమెకు తెలియదు.

ఓ పెద్దాయన జరిగి చోటిచ్చాడు. "కూర్చోమ్మా. మీవాళ్ళెవరికి బాగోలేదు?"

ఆమె కూర్చోలేదు. నేరుగా సారు గదికి నడిచింది.

అప్పుడు సింహంలా లోపలికి దూకిందనీ, రిజిస్టరు బల్లకేసి కొడితే మూడంతస్తుల అద్దాలు గలగలలాడాయనీ, సారు కుర్చీతో సహా గోడదాకా జారిపోయాడనీ చెప్పుకుంటారు. ఆమెను అడిగితే మాత్రం ఇదే జవాబు:

"అద్దాలేం కదల్లేదు. గుమ్మంలోనే నిలబడి, ఆ పందొమ్మిదీ కరిగాయి సార్, తెలిసే టిక్కు పెట్టాను అన్నాను. లిస్టు ఆపారు. విడిగా దాచిన ముక్కలతో మళ్ళీ తీయమన్నారు, పక్కన ఓ మనిషిని కాపలా పెట్టి. ఇవాళ్టికి నలభై మూడో నంబరు దాకా అయింది."