ఈశాన్య మూల తాబేలు

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం నన్ను రాయచోటి నుంచి కడపకు బదిలీ చేశారు. పశుసంవర్ధక శాఖలో అసిస్టెంట్ డైరెక్టర్ హోదా. రిటైర్మెంటు ఎంతో దూరంలో లేదు. అప్పటిదాకా నా సర్వీసంతా గొర్రెలకు నట్టల మందు తాపించడం, ఎనుములకు చూడి పరీక్షలు చేయడం, గాలికుంటు టీకాలు వేయించడంతోనే గడిచింది. కడపలో కొత్తగా డబ్బు కలిగిన ఇళ్ళలోకి కుక్కల తర్వాత రంగు చేపలు, వాటి తర్వాత తాబేళ్ళు వస్తున్న రోజులవి. ఎవరో ఒకరు చూడాలి గనుక పుస్తకాలు తిరగేసి, బెంగళూరులో ఆ పనే చేసే నా క్లాస్‌మేట్‌ను ఫోనులో విసిగించి నేర్చుకున్నాను. ఆఫీసులో నా వెనక ‘తాబేళ్ళ డాక్టరమ్మ’ అనేవారు.

ఆ చలికాలంలో సుజాత అనే ఆమె ఫోను చేసింది. భర్త ఓబుళరెడ్డి రోడ్ల కాంట్రాక్టరు. ఆమె పెళ్ళయ్యాక కూడా కొన్నేళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి, ఆయన వద్దనడంతో మానేసింది. “మా తాబేలుకు చిప్ప మెత్తగా ఉండాది మేడం. మేత ముట్టడంల్యా. ఆస్పత్రికి తీసుకొద్దామంటే గడప దాటిస్తే అదృష్టం పోతాదంటాడు ఆయన,” అంది. డ్యూటీ ముగిశాక నేనే వెళ్ళాను.

ఇలాంటి కేసులో మొదట చూడవలసింది జాతి. మన చెరువుల్లో, చేలల్లో తిరిగే తాబేళ్ళను ఇంట్లో పెంచడం నేరం. అలాంటిదైతే అటవీ శాఖకు కబురు చెయ్యాలి. ఇది కళ్ళ వెనక ఎర్రచార ఉండే విదేశీ రకం. హాల్లో ఈశాన్య మూలన, ఏసీ గాలి తగిలేచోట, పెద్ద గాజు తొట్టిలో ఉంది. తొట్టి నిండా నీళ్ళు, అలంకారానికి ఒక నీలం లైటు. ఎక్కి కూర్చోవడానికి బెత్తెడు పొడిచోటు లేదు. చిప్ప అంచును వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. వెనక కాళ్ళు ఈడుస్తోంది.

నీటి తాబేలు రోజూ కొన్ని గంటలు పూర్తిగా నీళ్ళలోంచి బయటికొచ్చి ఒళ్ళు ఆరబెట్టుకోవాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే మేతలోని సున్నం, అంటే కాల్షియం, ఎముకకూ చిప్పకూ పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురులో ఆ కిరణాలు దాదాపు ఉండవు. రాళ్ళు పగిలే ఎండలు కాసే కడపలో ఒక ప్రాణి ఎండ అందక చిప్ప మెత్తబడి చచ్చేలా ఉంది. అలాగని తొట్టిని ఎండలో పెడితే నీళ్ళు కాగి ఉడికిపోతుంది. ఇంట్లో పెంచేవాళ్ళకు దీపాలే దారి.

ఓబుళరెడ్డి ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, “అది వచ్చినంక నాకు ఎదురు ల్యాకుండా పోయింది డాక్టరమ్మా. నువ్వేం జేస్తావో జెయ్యి, బతికించు,” అన్నాడు. మనిషి నిజంగానే బెదిరాడు.

సుజాతా నేనూ కలిసి అమర్చాం. తొట్టిలో ఒక పక్క ఇటుకల మీద గరుకు నాపరాయి పలక నీటికి పైన నిలిపి, నీళ్ళలోంచి పాకి ఎక్కడానికి మరో పలకను వాలుగా ఆనించాం. పలకకు ఎగువన పింగాణీ హోల్డరులో వేడి బల్బు, నీళ్ళలో పడకుండా దానికి ఇనుప జాలీ. పలక మీద వేడి ముప్పైరెండు డిగ్రీల దగ్గర ఉండేట్టు బల్బు ఎత్తు సరిచేశాం. దాని పక్కనే బెంగళూరు నుంచి తెప్పించిన, ఎండలోని ఆ కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు, మధ్యలో గాజుమూత అడ్డం లేకుండా. ఈ ట్యూబు చూపుకు వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి లోపల సత్తువ పోతుంది, మార్చాలి. తొట్టి రెండో పక్క నీడ ఉంచాలి; రాత్రి అన్నీ ఆర్పాలి. ఒకసారి చెబితే సుజాతకు రెండోసారి చెప్పనక్కరలేకపోయింది. సున్నం మందు మేతలో కలపడం కూడా ఆమె చూసుకుంది.

కొన్నాళ్ళకు తాబేలు పలకెక్కి, మెడ చాపి, వెనక కాళ్ళు బారజాపి పడుకోవడం మొదలుపెట్టింది. చిప్ప అంచు గట్టిపడుతూ వచ్చింది. సుజాత ఫోటో తీసి పంపింది. పాఠం చెప్పడం మానేశాక తన చేతి మీద బాగుపడింది ఇదొక్కటేనని కింద రాసింది.

ఎండలు ముదిరే ముందు ఓబుళరెడ్డికి రావలసిన ఒక పెద్ద టెండరు ఇంకొకరికి పోయింది. సిద్ధాంతిని పిలిపించాడు. ఈశాన్యం జలస్థానం, అక్కడ పొద్దంతా నిప్పు మండుతోంటే పనులెలా అవుతాయన్నాడట ఆయన. ఆ రోజే దీపాలు ఊడదీయించారు. సుజాత ఫోను మీద నేను మళ్ళీ వెళ్ళి, తొట్టినే ఆగ్నేయానికి మార్చమన్నాను. ఓబుళరెడ్డి నన్ను చంటిపిల్లను చూసినట్టు చూశాడు. “ఆగ్నేయంలో నీళ్ళు పెడతారా యాడన్నా? నీకు తెలీదులేమ్మా.”

ఈశాన్యంలో నిప్పు ఉండకూడదు. ఆగ్నేయంలో నీళ్ళు ఉండకూడదు. ఆ తాబేలుకు రెండూ ఒకేచోట కావాలి.

మిగిలింది సూర్యుడే. ఉదయం లేత ఎండలో, సగం నీడ పడేలా అట్ట కప్పిన టబ్బులో, మిద్దె మీద కాసేపు ఉంచి, పక్కనే కూర్చుని తిరిగి తెచ్చెయ్యమని చెప్పాను. భర్త సైట్లకు వెళ్ళాక సుజాత అలాగే చేసింది. ఒకనాడు ఆయన ఏదో మరిచి వెనక్కొచ్చి ఖాళీ తొట్టి చూశాడు. అరవలేదట. తాబేలును తెచ్చి తొట్టిలో వేసి, మిద్దె తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట.

మరికొన్ని రోజులకు మా జాయింట్ డైరెక్టర్ నుంచి ఫోను. “ఆయన పెద్దమనిషమ్మా. వాళ్ళింటి ఆడవాళ్ళకు నువ్వు లేనిపోనివి నేర్పుతున్నావంటాండాడు. మనకెందుకు చెప్పు?” అన్నారు. పిలిస్తే వెళ్ళాను, పిలవకపోతే వెళ్ళను అన్నాను. ఆ తర్వాత కొన్ని వారాలు పిలుపు రాలేదు.

నడి ఎండాకాలంలో ఓబుళరెడ్డే ఫోను చేయించాడు. వెళ్ళేసరికి తొట్టిలో తాబేలు ఈదుతోంది, చిప్ప నిగనిగలాడుతోంది. ఒక్క నిమిషం సంతోషించాను. తర్వాత గమనించాను, ఇది వేరే తాబేలు, ఇంకా పెద్దది.

“పాతది పోయింది. ఇంట్లో సచ్చిందని నలుగురికి తెలిస్తే మంచిది గాదు గదా, డ్రైవర్‌తో పంపించేసినా. ఇది కొత్తది. ఒకసారి చూసిపో,” అన్నాడు.

చూశాను. ఆరోగ్యంగా ఉంది. దీపాలు లేకపోతే ఇదీ అదే దారిన పోతుందని, ఈసారి గొంతు పెంచే చెప్పాను.

“పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. దానికేముండాది డాక్టరమ్మా,” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అర్థమయ్యేట్టు చెబుతున్నాడంతే.

గేటు దాకా సుజాత వచ్చింది. “పొద్దున లేసి చూస్తే ఇది ఈదుతాంది మేడం. పాతది యాడ పారేసినారని డ్రైవర్ని అడిగితే సారు చెప్పొద్దన్నాడన్యాడు. ఏండ్ల తరబడి పిల్లకాయలకు సరీసృపాల పాఠం చెప్పినా. ఇంట్లో ఒక్క మనిషికి చెప్పలేకపోయినా,” అంది. లోపల్నుంచి ఆయన పిలిస్తే వెళ్ళిపోయింది. నేను ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. కొత్త తాబేలు సంగతి నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

జబ్బేమిటో కనిపెట్టడం, మందు చెప్పడం వైద్యంలో సగమే. మిగతా సగం ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, పెంపుడు ప్రాణి కోసం ఏ ఇంటికి పిలిచినా, నేను చెప్పింది కాదనగలిగిన మనిషెవరని ముందు అడిగేదాన్ని. ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాకే పరీక్ష మొదలుపెట్టేదాన్ని. దానివల్ల కొన్ని బతికాయి. చాలావాటి విషయంలో తేడా ఏమీ రాలేదు.